కొండ మీద ఒక్క రోజు: అడవి ఆర్కిడ్లను, పూలను ఫొటో తీయడం ఎలా

మొదటిసారి ఆర్కిడ్ల కోసమని కెమెరా పట్టుకుని కొండెక్కిన రోజు 600 పైచిలుకు ఫొటోలు తీసుకుని దిగాను. రాత్రి కూర్చుని చూసుకుంటే పనికొచ్చినవి నాలుగంటే నాలుగు. ఆ నాలుగూ ఒకే మొక్కవి. దారిలో వాన పట్టుకుంటే ఒక పెద్ద బండ కింద నలభై నిమిషాలు ఇరుక్కుపోయాను. పక్కనే నాచులో జానెడు ఎత్తున ఒక నేల ఆర్కిడ్ ఉంది. వేరే పనేమీ లేక దాన్నే చూస్తూ కూర్చున్నాను. పూవు ఎటు తిరిగి ఉందో, వెనక ఏముందో, గాలి ఎంతసేపటికి ఆగుతోందో అప్పుడు కనిపించాయి. మిగతా ఫొటోలన్నీ నడుస్తూ, వంగి, నొక్కేసి, లేచి వెళ్ళిపోయినవి. వాటిలో పూవు ముందు భాగం మసక, వెనకాల తెల్లటి ఎండుపుల్ల మాత్రం తళతళా మెరుస్తోంది.

కాబట్టి ఈ పద్ధతంతా ఒక లెక్క మీద నడుస్తుంది: రోజుకు పది మొక్కలు చాలు. పది మొక్కల దగ్గర స్థిమితంగా కూర్చునేలా రోజును ఎలా అమర్చుకోవాలన్నదే అసలు పని. కెమెరా సెట్టింగులు ఆ తర్వాత.

వెళ్ళే ముందు: ఏ వారం, ఏ ఎత్తు

కొండ మీద పూల కాలం కింది నుంచి పైకి ఎక్కుతుంది. చలికాలం స్పష్టంగా ఉండే ప్రాంతాల్లో వసంతం ప్రతి 120 మీటర్ల ఎత్తుకు సుమారు నాలుగు రోజులు ఆలస్యమవుతుందని హాప్కిన్స్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త 1918లో ఒక లెక్క చెప్పాడు. ఇది ప్రతి కొండకూ అక్షరాలా సరిపోదు గానీ చాలా పనికొచ్చే లెక్క. కింద రాలిపోయిన పూవు 500 మీటర్లు పైకెళ్తే అప్పుడే విచ్చుకుంటూ ఉండొచ్చు. వారం ఆలస్యమైందని ట్రిప్ మానుకోనక్కర్లేదు, ఇంకాస్త పైకి ఎక్కితే సరిపోతుంది. వానల మీద ఆధారపడి పూసే చోట్ల మాత్రం మొదటి వానలు ఎప్పుడు పడ్డాయో కనుక్కోవాలి.

గత సంవత్సరాల్లో ఎవరు ఏ నెలలో ఏం చూశారో ఐనాచురలిస్ట్ (జనం తాము చూసిన మొక్కలు, జీవుల ఫొటోలు పెట్టే వెబ్‌సైట్) లాంటి చోట్ల వెతకండి. అరుదైన మొక్కల స్థానాన్ని అక్కడ కావాలనే కొన్ని కిలోమీటర్ల మేర చెదరగొట్టి చూపిస్తారు. దాన్ని ఛేదించే ప్రయత్నం చేయొద్దు. నెల, ఎత్తు, ఎలాంటి చోటు అన్న మూడూ తెలిస్తే చాలు, మిగతాది కాళ్ళతో వెతుక్కోవచ్చు.

ఎలాంటి చోటంటే: ఆర్కిడ్ జాతులు ప్రపంచంలో సుమారు 28,000 ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చెట్ల మీద పెరిగేవే, అవి వెచ్చని తేమ అడవుల్లో ఉంటాయి. చల్లటి ప్రాంతాల కొండల్లో దొరికేవి దాదాపు అన్నీ నేల ఆర్కిడ్లు. మొదటి రకానికి నాచు పట్టిన పాత చెట్ల మొదళ్ళు, కొమ్మల పంగలు చూడాలి. రెండో రకానికి ఊట నీళ్ళు ఊరే వాలు, పొట్టి గడ్డి మైదానాలు, పలచగా నీడపడే అడవి అంచులు వెతకాలి.

అనుమతుల సంగతి కూడా ముందే చూసుకోండి. రక్షిత ప్రాంతాల్లో దారి దిగకూడదు, ట్రైపాడ్ పెట్టకూడదు లాంటి నిబంధనలు ఉండొచ్చు.

సంచిలో ఏముండాలి

మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గరగా తీసేది) ఉంటే 90 నుంచి 105 మి.మీ. మధ్యది సుఖం. పూవుకు మరీ ఆనుకోకుండానే దాన్ని నిండుగా పట్టుకోవచ్చు. లేకపోతే ఉన్న లెన్స్‌కే వెనక బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబో, ముందు బిగించే క్లోజప్ లెన్సో చాలు. చెట్టు మీది పూల కోసం 200 మి.మీ. దాటిన జూమ్ కావాలి. ఈ మూడూ, పెద్ద ట్రైపాడూ మోసుకుని కొండెక్కితే మధ్యాహ్నానికి పూలు చూసే ఓపిక ఉండదు. నేను పెద్ద ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేస్తాను. మోకాలి ఎత్తు కూడా లేని చిన్నదొకటి, పప్పు గింజలు నింపిన చిన్న గుడ్డ సంచి ఒకటి పట్టుకెళ్తాను. నేల మీది పూలకు ఆ గుడ్డ సంచి మీద కెమెరా ఆనించడం ట్రైపాడ్ కన్నా త్వరగా అయిపోతుంది.

వీటికన్నా ముఖ్యమైనవి, ఎవరూ లెక్కలో వేయనివి: మడిచి పెట్టుకునే తెల్లటి డిఫ్యూజర్ (ఎండను మెత్తబరిచే పలచటి తెర), కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టా, పొడిగా ఉంచిన మెత్తటి గుడ్డలు రెండు, కెమెరా మీద కప్పడానికి ఒక ప్లాస్టిక్ కవరు. అదనపు బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. చలికి అవి తొందరగా నీరసపడతాయి, ఒంటి వేడికి నిలబడతాయి.

వాన కోటు, టార్చి, నీళ్ళు, ఒక వెచ్చటి పొర ఎలాగూ తప్పవు. సగటున 1000 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. నడిచేటప్పుడు తెలియదు, తడి నేల మీద అరగంట పడుకుని ఫొటో తీస్తున్నప్పుడు వణుకు మొదలవుతుంది. చేతులు వణికితే లెన్స్ ఎంత ఖరీదైనదైనా ఒకటే.

రోజును పంచుకోవడం

మామూలుగా రెండు గంటల్లో నడిచే దారికి కెమెరాతో ఐదు గంటలు పడుతుంది. అందుకే మ్యాపులో నచ్చిన దూరాన్ని సగానికి కోసేయండి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఇంట్లోనే నిర్ణయించుకుని ఫోన్‌లో అలారం పెట్టండి. పూవు ముందు కూర్చుంటే గడియారం గుర్తుండదు.

తెల్లవారే సరికి దారి మొదట్లో ఉండటం మంచిది. సూర్యుడు వాలును వేడెక్కించేదాకా గాలి పెద్దగా కదలదు, ఆ తర్వాత లోయలోంచి పైకి గాలి మొదలవుతుంది. ఆ మొదటి గంటన్నర చాలా విలువైనది. దాన్ని చిన్న పూలకు, సన్న కాడ ఉన్న వాటికి వాడండి.

తర్వాత ఎండ వచ్చినప్పుడు ఆర్కిడ్ల వెంట పడొద్దు. జెంషియన్లు అనే కొండ పూలలో చాలా రకాలు మబ్బు కమ్మితే ముడుచుకుంటాయి, క్రోకస్ పూలు చలికి మూసుకుంటాయి. వాటిని ఎండ ఉండగానే ముగించాలి. ఆర్కిడ్ పూలు చాలావరకు ఒకసారి విచ్చుకుంటే రోజుల తరబడి, కొన్ని వారాల తరబడి అలాగే ఉంటాయి. మబ్బు పట్టినా ఎక్కడికీ పోవు, పైగా మబ్బు వెలుగులోనే అందంగా వస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్న గంటలను అడవి నీడలోని మొక్కలకు ఉంచుకోండి.

మధ్యాహ్నం దాటాక కొండల మీద ఉరుములు మామూలే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంతకన్నా తగ్గితే శిఖరం, బయలు మైదానం, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి రావొద్దు. ఫొటో సగంలో ఉన్నా సరే.

పూవు కనిపించింది, ఆగండి

అడుగు ముందుకు వేయొద్దు. ఉన్న చోటే సంచి దించి, కాళ్ళ దగ్గర చూడండి. పూసిన ఆర్కిడ్ ఒకటి కనబడితే చుట్టుపక్కల పూయనివి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అవి గడ్డిలో ఒకటి రెండు ఆకులుగా మాత్రమే ఉంటాయి. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది. దానిలో మొలకకు కావాల్సిన ఆహారం నిల్వ ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతుంది, చాలా నేల ఆర్కిడ్లకు అక్కడి నుంచి పూవు దాకా ఏళ్ళు పడుతుంది. మోకాలు ఆనించిన చోట అలాంటి మొలక ఉంటే ఫొటోకు ఆ ఏళ్ళన్నీ ఖర్చయినట్టే. అందుకని ఒకే రకం నాలుగు మొక్కలు కనిపిస్తే అందమైనదానికన్నా దారికి దగ్గరున్నదాన్ని ఎంచుకుంటాను.

ఇప్పుడు కెమెరా తీయకుండా పూవును చూడండి. కంకిలా పూసే ఆర్కిడ్లలో చాలావాటికి కింది పూలు ముందు విచ్చుకుంటాయి. పైవి మొగ్గలుగా ఉండగానే కిందివి వాడడం మొదలవుతుంది. కింది పూల అంచులు గోధుమ రంగుకు తిరగకుండా, కనీసం సగం కంకి విచ్చుకున్న మొక్క దొరికితే అదే సరైనది.

ఒక్క పూవును దగ్గరగా చూస్తే ఆరు రేకులు. బయట మూడు, లోపల మూడు. లోపలి మూడింటిలో ఒకటి మిగతావాటికి పోలిక లేకుండా మచ్చలతో, మడతలతో, నూగుతో ఉంటుంది. అదే పెదవి రేకు, పురుగులు వాలే అరుగు. నిజానికి మొగ్గలో అది పైన ఉంటుంది, చాలా జాతుల్లో విచ్చుకునేలోపు పూవు కాడ మెలి తిరిగి దాన్ని కిందికి తెస్తుంది. ఆ మెలిక పూవు వెనక కాడ మీద కంటికే కనిపిస్తుంది, ఒకసారి చూడండి. పెదవి పైన మధ్యలో పొట్టి స్తంభం లాంటిది ఉంటుంది. దాని కొన కింద పుప్పొడి, చాలా జాతుల్లో, చిన్న పసుపు ముద్దలుగా అతుక్కుని ఉంటుంది. ఆ ముద్దలు లేకపోతే ఏదో పురుగు వచ్చి పట్టుకుపోయిందన్నమాట. ఫోకస్ పడాల్సింది ఈ స్తంభం మీద, పెదవి ముందు అంచు మీద. మనిషి ఫొటోలో కళ్ళు ఎలాగో ఇవి అలాగ.

ఈ చూపులోనే ఇంకో లాభం ఉంది. రేకుల రంగులోనే కలిసిపోయిన పీత సాలీడు మొదట కనబడదు. రెండు నిమిషాలు కూర్చుంటే ముందు కాళ్ళు చాపుకుని కనిపిస్తుంది.

వెనక భాగం ముందు

నేర్చుకునేవాళ్ళు అందరూ పూవును చూస్తారు, దాని వెనక చూడరు. వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ ఒకసారి తిరిగి చూడండి: ఎండు గడ్డిపోచ, ఆకాశం తునక, తెల్ల రాయి. కెమెరాను అంగుళమో రెండంగుళాలో పక్కకు జరిపితే వీటిలో సగం పూవు వెనక దాక్కుంటాయి. పూవు ఎత్తుకే కెమెరా దించితే వెనక నేల దూరమవుతుంది, మెత్తటి ఆకుపచ్చగా కరిగిపోతుంది. పై నుంచి తీస్తే నేల దగ్గరే ఉండిపోయి చెత్తంతా స్పష్టంగా పడుతుంది.

అడ్డొచ్చిన గడ్డిపోచను పీకకండి. వేలితో పక్కకు వంచి పట్టుకోండి, లేదా కింద ఒక పుల్ల పెట్టి ఆపండి. అయ్యాక వదిలేయాలి. నీడనిచ్చే ఆకును విరిచేస్తే మర్నాడు ఎండకు పూవు మాడుతుంది, దాచిన గడ్డి పోతే మేసే జంతువుకు కనిపిస్తుంది.

సెట్టింగులు, కాస్త లెక్కతో

పూవుకు బాగా దగ్గరైతే స్పష్టంగా పడే మందం ఎంత తక్కువో తెలిస్తే సగం సమస్యలు అర్థమవుతాయి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాతో, వస్తువు సెన్సర్ మీద, అంటే లోపల వెలుగును పట్టే పలక మీద, అసలు పరిమాణంలో పడేంత దగ్గరగా, ఎఫ్/11లో (ఇది లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) తీస్తే స్పష్టంగా వచ్చేది సుమారు 1.3 మిల్లీమీటర్లు. సగం పరిమాణంలో తీస్తే దాదాపు 4 మిల్లీమీటర్లు. అంటే కాస్త వెనక్కి జరిగితే మూడింతలు లాభం. ఫొటోను తర్వాత కత్తిరించుకోవచ్చు.

దీనికి విరుగుడుగా ఎఫ్/22కు వెళ్ళిపోవద్దు. బాగా దగ్గరగా ఉన్నప్పుడు రంధ్రం ఉన్నదానికన్నా చిన్నదిగా పనిచేస్తుంది. అసలు పరిమాణంలో ఎఫ్/11 అన్నది కాంతి లెక్కలో ఎఫ్/22తో సమానం. ఇంకా మూస్తే వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండండి. ఉన్న మందాన్నే బాగా వాడుకోవడానికి ఇంకో దారి ఉంది: కెమెరా వెనక తలాన్ని పూవు ముఖానికి సమాంతరంగా పెట్టడం. కంకి మొత్తం తీస్తుంటే దాని కాడకు సమాంతరంగా. ఖర్చులేని ఈ ఒక్క పనితోనే చాలా ఫొటోలు బాగుపడతాయి.

చేత్తో తీస్తే షట్టర్ స్పీడ్ సెకనులో 250వ వంతు లేదా అంతకన్నా వేగం. అందుకు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే కొలత) 800 అయినా 1600 అయినా పెంచేయండి. దానివల్ల వచ్చే చుక్కలు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన పూవును ఎవరూ బాగుచేయలేరు. ఆటో ఫోకస్ గడ్డిపోచల మధ్య అటూ ఇటూ తడుముకుంటుంది. మాన్యువల్‌లో పెట్టి, మోచేతులు నేలకు ఆనించి, ఒళ్ళే ముందుకూ వెనక్కూ రవ్వంత ఊపుతూ స్తంభం స్పష్టమైనప్పుడు మూడు నాలుగు వరసగా నొక్కండి. వాటిలో ఒకటి కుదురుతుంది.

గాలి పూర్తిగా ఆగితే, కెమెరా దేనికైనా ఆనించి ఉంటే ఫోకస్ స్టాకింగ్ చేయొచ్చు. ఫోకస్‌ను ముందు అంచు నుంచి వెనక అంచు దాకా కొంచెం కొంచెంగా జరుపుతూ పది, ఇరవై ఫొటోలు తీసి ఇంట్లో కలపడం. మధ్యలో చిరుగాలి వచ్చిందంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నా అనుభవంలో కొండ మీద నాలుగుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి దక్కుతుంది.

గాలికి ఊగే కాడకు ఒక లయ ఉంటుంది. ఊగి ఊగి ఒక క్షణం ఆగుతుంది. ఊపు కొసన కూడా అర క్షణం నిలుస్తుంది. ఆ లయ పట్టుకుని నొక్కడం కాసేపటికి వేళ్ళకే అలవాటవుతుంది.

తెల్ల పూవు నలుపు నీడలో ఉంటే కెమెరా మోసపోయి వెలుగు ఎక్కువ రానిచ్చి పూవును వివరాలు లేని తెల్ల మచ్చగా మార్చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా (అంటే వెలుగును సగానికి) తగ్గించి హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే పటం) చూడండి. ఎరుపు, ముదురు గులాబీ పూలకు మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూడాలి. మొత్తం బాగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఒక్కటే అంచు దాటి రేకుల మీది గీతలు మాయమవుతాయి. నీడలో తీసిన ఫొటోలు నీలంగా వస్తాయి. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను సరిచేసే సెట్టింగు) 7000 కెల్విన్ దగ్గర పెడితే సరిపోతుంది, రా ఫైల్ (కెమెరా మార్చకుండా దాచే ఫొటో) తీస్తే ఇంటికెళ్ళాక మార్చుకోవచ్చు.

ఫోన్‌తో తీసేవాళ్ళకు: మరీ దగ్గరికి వెళ్ళగానే చాలా ఫోన్లు తమంతట తామే వైడ్ లెన్స్‌కు మారిపోతాయి. పూవు వంకరగా వస్తుంది, ఫోన్ నీడే పూవు మీద పడుతుంది. కాస్త వెనక్కి జరిగి, టెలి లెన్స్ (దూరంవి దగ్గరగా చూపేది) ఉంటే దానితో తీయండి. పూవు మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కొంచెం కిందికి దించండి.

వెలుగు

ఎండ నేరుగా పడుతుంటే పూవుకూ సూర్యుడికీ మధ్య డిఫ్యూజర్ పట్టండి. ఎంత దగ్గరగా పడితే వెలుగు అంత మెత్తన. తోడు ఎవరూ లేకపోతే మీ ఒంటి నీడైనా పనికొస్తుంది, కానీ వెనక నేల మీద కూడా ఎండ లేకుండా చూసుకోవాలి. లేదంటే పూవు చీకటి, వెనక తెలుపు అవుతుంది. ఉదయం వాలు ఎండను పూవు వెనక నుంచి రానిస్తే పలచటి రేకులు దీపంలా వెలుగుతాయి, కాడ మీది నూగు వెండి గీతలా వస్తుంది. తడి ఆకుల మెరుపు తగ్గాలంటే పోలరైజర్ అనే ఫిల్టర్‌ను లెన్స్ ముందు వాడండి. ఒకటిన్నర, రెండు స్టాపుల కాంతి పోతుందని గుర్తుంచుకుంటే చాలు. స్ప్రే సీసాతో మంచు బిందువులు సృష్టించేవాళ్ళున్నారు. నాకెందుకో అది నచ్చదు, నిజమైన మంచు ఆ గంటలో ఎలాగూ ఉంటుంది.

ఒక మొక్కకు ఐదు ఫొటోలు

అందమైన ఒక్క ఫొటోతో పేరు తెలుసుకోవడం చాలాసార్లు కుదరదు. పూవు ముందు నుంచి, పూవు పక్క నుంచి, ఆకులు, మొక్క మొత్తం, అది ఉన్న చోటు: ఈ ఐదూ తీసుకుంటే తెలిసినవాళ్ళు చెప్పగలరు. జనం ఎక్కువగా మరిచేది పక్క నుంచి తీయడం. చాలా ఆర్కిడ్లకు పూవు వెనక తేనె ఉండే తోక లాంటి గొట్టం ఉంటుంది, దాని పొడవు, వంపు జాతిని పట్టిస్తాయి. మడగాస్కర్ ఆర్కిడ్ ఒకదానికి దాదాపు 30 సెంటీమీటర్ల గొట్టం ఉందని చూసి, అంత పొడవు నాలుక ఉన్న చిమ్మట ఒకటి అక్కడ ఉండి తీరాలని 1862లో డార్విన్ అన్నాడు. అలాంటి చిమ్మటను అక్కడి నుంచి వర్ణించింది 1903లో, ఆయన పోయాక. ఆ పూవును ముందు నుంచి మాత్రమే చూసి ఉంటే ఆ ఆలోచన వచ్చేదే కాదు.

ఆ ఐదో ఫొటో, చోటుది, వైడ్ లెన్స్‌తో తీస్తే మిగతా కొండ పూలకు ప్రాణం వస్తుంది. బండ సందులో దిండులా అల్లుకున్న మొక్క, వెనక లోయ, పైన మబ్బు. ఎఫ్/11లో, పూవుకు చేరువగా వెళ్ళి తీయండి. మైదానం నిండా పూసిన పూలకు మాత్రం దూరం నుంచి టెలితో తీస్తే రంగులు ఒకదాని మీద ఒకటి ఒత్తుగా పడతాయి. పూల మధ్యలోకి దిగి తొక్కాల్సిన పనే ఉండదు.

చెట్టు మీది ఆర్కిడ్ల కోసం ఎక్కడాలు, కొమ్మ వంచడాలు వద్దు. వాలు మీద పైకి నడిస్తే కొన్నిసార్లు ఆ కొమ్మ మీ కంటి ఎత్తుకు వస్తుంది. కొండ అడవిలో ఆ సౌకర్యం ఉంది.

దిగేటప్పుడు, దిగాక

వంచిన గడ్డిని వదిలి, పడుకున్న చోట చేత్తో లేపి, లేవండి. చలిలోంచి వెచ్చటి బండిలోకో గదిలోకో వెళ్ళేముందు కెమెరాను సంచిలో పెట్టి మూసేసి, లోపలికి వెళ్ళాక గంట దాకా తెరవకపోతే లెన్స్ మీద ఆవిరి పట్టదు. బూట్ల అరికాళ్ళ మట్టి అక్కడే దులపండి. ఒక కొండ కలుపు విత్తనాలు ఇంకో కొండకు అలాగే చేరతాయి.

ఫొటోలు ఎవరికైనా చూపించే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫైల్‌లో దాగి ఉన్న జీపీఎస్ వివరాలు తీసేయండి. ఫోన్ ఫొటోల్లో అవి దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ జాబితాల్లో ఉంది. అయినా అడవి నుంచి తవ్వి అమ్మేవాళ్ళు ఉన్నారు. ఒకసారి నేను ఒక పూవు ఫొటో పెట్టి, దారి మలుపు కూడా ముచ్చటగా వర్ణించాను. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్తే ఆ నాచులో పిడికిలి పట్టేంత గుంట ఉంది, పక్కన దుంప నుంచి తెగిన వేరు ముక్క ఒకటి. ఎవరు తవ్వారో తెలియదు, నా ఫొటో వల్లేనని రుజువూ లేదు. కానీ అప్పటి నుంచి ఎవరైనా అడిగితే నెల చెబుతాను, ఎత్తు చెబుతాను, ఏ లెన్సో చెబుతాను. దారి అడిగితే మాత్రం మాట మార్చేస్తాను.